ఖాలా కోసం విన్న కచేరీలు

దోహా,
13 అక్టోబర్ 2024

ఆబిదా ఖాలాకు,

సలాం. మీరు అప్పజెప్పిన పని చేశాను. గురువారం క్లినిక్‌లో డ్యూటీ అయ్యాక కచేరీకి వెళ్ళాను.

మొన్న సెలవులో బోధన్ వచ్చినప్పుడు మీరన్న మాట మరిచిపోలేదు. "నా చెవులు పోయాయి, నీవి ఉన్నాయి. దోహాకు ఎక్కడెక్కడివాళ్ళో వచ్చి వాయిస్తారట. వెళ్ళి విను. విన్నది నాకు రాయి" అన్నారు. ఫోన్‌లో చెబుదామంటే మీకు గరగర తప్ప ఏమీ వినపడదు. మెసేజ్ పెడదామంటే ఇంట్లో ఉన్నది నిజాముద్దీన్ మామూ ఫోన్, అక్క ఉత్తరమైనా సరే తమ్ముడే ముందు చదివేస్తాడు. అందుకే కాగితం. పదో తరగతి తర్వాత తెలుగులో ఇంత పొడుగు రాయడం ఇదే. అప్పుడు నాకు తెలుగు చెప్పిన టీచరుకే రాస్తున్నానని తలుచుకొని ప్రతి మాటా రెండుసార్లు చూసుకుంటున్నాను.

అద్నాన్ నన్ను కతారా కళాకేంద్రంలో హాలు ముందు దింపి, "రెండు గంటలు సప్పుడు జేయకుండ కూసునుడా? నాతోని గాదు" అని సముద్రం ఒడ్డుకు కరక్ చాయ్ తాగడానికి వెళ్ళిపోయాడు. పెళ్ళయ్యాక ఆయన లేకుండా నేను ఒక్కదాన్నే ఒక చోటికి వెళ్ళి కూర్చోవడం కూడా ఇదే మొదటిసారి.

యూరప్ నుంచి వచ్చినవాళ్ళు నలుగురు. మూడు నాలుగు వందల ఏళ్ళ కిందటి సంగీతమట, అప్పటి వాద్యాల మీదే వాయిస్తారట. ఒక పెట్టె ఉంది, చూడ్డానికి పియానోలాగే ఉంటుంది కానీ మెట్టు నొక్కితే లోపల తీగను గిల్లుతుంది. ఒకామె పిక్కల మధ్య పట్టుకొని కమానుతో వాయించే వాద్యం పేరు గాంబా. ఇంకొకాయన చేతిలో ల్యూట్ అనేది, సగం కోసిన పెద్ద పుచ్చకాయకు మెడ అతికించినట్టుంది. తీగలు గొర్రె పేగుతో చేసినవి. బయట ఉక్క, లోపల ఏసీ చలి. దాంతో తీగలు మాటిమాటికీ సడలిపోతున్నాయి, వాళ్ళు మాటిమాటికీ శృతి చేసుకుంటున్నారు. మొదట చేసుకున్న శృతినే నేను పాట అనుకున్నాను, నిజం.

ఒకటి అయిపోగానే చప్పట్లు కొట్టాను. హాలు మొత్తంలో నేనూ, ఇంకెవరో ఒకాయనా. అక్కడ అన్నీ అయ్యాకే కొట్టాలట. ముందు వరుసలో కూర్చున్న పెద్దావిడ ఒకరు వెనక్కి తిరిగి నన్ను చూసి నవ్వారు. భూమి చీలితే బాగుండుననిపించింది. ఆ తర్వాత ఏమి విన్నానో నాకే తెలియదు. బాగుంది. అంతకంటే ఏం రాయాలో తెలియడం లేదు ఖాలా, తిట్టకండి.

మీ
బిల్కిస్


బోధన్,
9 నవంబర్ 2024

బేటీ బిల్కిస్‌కు, దువా.

నీ ఉత్తరం అందింది. "బాగుంది" అని రాసినందుకు నీకు పదికి రెండు మార్కులు. పుచ్చకాయ పోలికకు ఇంకో మూడు. "శృతి" కాదు, "శ్రుతి". పదో తరగతిలోనే నీ నోటుబుక్కులో దిద్దాను.

తప్పు చోట చప్పట్లు కొట్టినందుకు సిగ్గుపడకు. మన దగ్గరైతే మధ్యలోనే వాహ్ అంటాం, తల ఊపుతాం, వాయించేవాడు మనవైపు చూసి నవ్వుతాడు. అక్కడ పద్ధతి వేరు, నాలుగుసార్లు వెళితే అదే అలవాటవుతుంది. నేను ఉద్యోగంలో చేరిన కొత్తలో నెల నెలా హైదరాబాదుకు బస్సెక్కి వెళ్ళి సితార్ కచేరీలు వినేదాన్ని. మొదటిసారి నాకూ ఏమీ అర్థం కాలేదు. పక్కన కూర్చున్న ముసలాయన చెప్పాడు, "అన్నీ ఒకేసారి వినాలని చూడకమ్మా, ఒక్క తీగను పట్టుకో" అని. సంతలో పిల్ల చెయ్యి పట్టుకున్నట్టు పట్టుకోవాలి. ఎక్కడికి లాక్కుపోతే అక్కడికి పోవాలి.

ఇంకొకటి. చివరి స్వరం ఆగిన తర్వాత, చప్పట్లకు ముందు, జనం ఎంతసేపు ఊరకున్నారు? నువ్వు అది రాయలేదు. కచేరీ ఎలా జరిగిందో తెలిసేది అక్కడే.

ఇక్కడ ఒక తమాషా జరిగింది. నువ్వు కచేరీలకు వెళుతున్నావని పక్కింటి సుర్రయ్యాకు చెప్పాను. ఆవిడ గుండెలు బాదుకుంటూ పలక మీద రాసింది: "బిల్కిస్ దుబాయ్‌ల కచేరీల సుట్టు తిరుగుతుందా! ఏం కేసయింది? అల్లుడు మంచిగనే ఉన్నడు గదా?" మన దగ్గర కచేరీ అంటే కోర్టూ పోలీసూ అని నాకు తట్టనే లేదు. దుబాయ్ కాదు ఖతర్ అనీ, కేసు కాదు పాట అనీ చెప్పేసరికి నా ప్రాణం పోయింది. నమ్మిందని అనుకోను.

నిజాముద్దీన్ మళ్ళీ ఆపరేషన్ గొడవ మొదలుపెట్టాడు. పుర్రెలో ఏదో పెట్టి చెవి వెనక మెషిన్ తగిలిస్తారట. "ఆపా, జిద్దు జేయకు" అని రోజూ రాస్తాడు. నేను రోజూ తుడిచేస్తాను.

మళ్ళీ వెళ్ళు. ఈసారి సరిగా విను.

ఆబిదా


దోహా,
15 డిసెంబర్ 2024

ఆబిదా ఖాలాకు,

సలాం. ఈసారి ఒక్క తీగను పట్టుకున్నాను. వదల్లేదు.

ఒక గాయని, ఒక ల్యూట్, ఒక ఊద్. ఊద్ మీకు తెలుసు కదా, అరబ్బుల వాద్యం, ఇక్కడ ఏ పెళ్ళిలోనైనా ఉంటుంది. ఊదే ఒకప్పుడు సముద్రం దాటి యూరప్‌కు వెళ్ళి అక్కడ ల్యూట్ అయిందట. రెంటికీ అదే పుచ్చకాయ పొట్ట. ఆ ఇద్దరినీ ఎదురెదురుగా కూర్చోబెట్టారు. మొదట ఊద్ వాయించే ఆయన ఒక చిన్న పలుకు పలికించాడు. ల్యూట్ ఆయన విని, అదే పలుకును కొంచెం మార్చి తిరిగి ఇచ్చాడు. ఎన్నో ఏళ్ళ క్రితం విడిపోయిన అన్నదమ్ములు ఒకరి ముక్కు ఒకరు చూసుకొని గుర్తుపడుతున్నట్టుంది. ఊద్ గొంతు లోతుగా, కొంచెం బొంగురుగా ఉంటుంది. ల్యూట్‌ది సన్నం, కంచు గిన్నె అంచును గోరుతో తాకినట్టు.

మైకు లేదు ఖాలా! అది నాకు అన్నింటికంటే వింత. ఏషియన్ టౌన్‌లో స్టేజీ షోకు వెళితే స్పీకర్లకు గుండె అదురుతుంది. ఇక్కడ అంత పెద్ద హాల్లో అందరూ ఊపిరి బిగబట్టి, ఆ చిన్న చప్పుడు తమ దాకా వచ్చేందుకు దారి ఇస్తున్నారు. గాయని పాడింది ఏ భాషో తెలియదు. ఒక చోట గొంతు తగ్గించి తగ్గించి, ల్యూట్ కంటే చిన్నగా చేసింది. నేను తెలియకుండానే ముందుకు వంగాను. చూస్తే వరుస వరుసంతా వంగి ఉంది.

మీరడిగింది చెబుతున్నాను. ఆఖరి తీగ ఆగాక ఎవరూ కదల్లేదు. ఆ తీగ ఇంకా వినిపిస్తోందా, నేను అనుకుంటున్నానా అని అనుమానం వచ్చేంతసేపు. తర్వాత లేచి నిలబడి కొట్టారు చప్పట్లు. ఈసారి నేను సరైన చోటే కొట్టాను.

అసలు మాట ఇప్పుడు. ముందు వరుస పెద్దావిడ గుర్తుందా, నా చప్పట్లకు నవ్వినావిడ? విరామంలో నేను అద్నాన్‌తో ఫోన్‌లో మాట్లాడుతుంటే వచ్చి, "మనోళ్ళ బిడ్డవా? ఏ ఊరు?" అన్నారు. పేరు మరియం, కరీంనగర్ వాళ్ళు. ఇక్కడే ఆసుపత్రిలో నర్సుగా చేసి రిటైరయ్యారు, కొడుకు దగ్గర ఉంటున్నారు. చున్నీ పక్కకు తీసి చెవి వెనక చూపించారు. "చెవి మాఫీ బిడ్డా. గీ మెషిన్ తోటే ఇంటా. మంచిగ ఇంటా" అన్నారు. మాఫీ అంటే ఇక్కడి అరబ్బీలో లేదు అని. మీకు వచ్చిన జబ్బే, మీకు చెబుతున్న ఆపరేషనే! అన్నీ వింటున్నారు ఖాలా! ప్రతి కచేరీకీ వస్తారట, ముందు వరుసలోనే కూర్చుంటారట. నాకు కాళ్ళు నేలమీద ఆనలేదు. మీరు కూడా చేయించుకోండి. చేయించుకొని ఇక్కడికి రండి. పక్కపక్కనే కూర్చొని విందాం.

సంతోషం పట్టలేక రాస్తున్న
మీ బిల్కిస్


బోధన్,
11 జనవరి 2025

బిల్కిస్‌కు,

నిజాముద్దీన్ నీకు ఎప్పటి నుంచి చెబుతున్నాడు? మొదటి ఉత్తరానికి ముందా, తర్వాతా?

నా మాట వినే మనిషి ఒకరైనా ఉన్నారని అనుకున్నాను. ముందు పాట గురించి రాసి మెత్తబరచడం, తర్వాత ముందు వరుసలో ఒక పెద్దావిడను కూర్చోబెట్టడం, ఆవిడకు సరిగ్గా నా జబ్బే ఉండడం, అది నయం కావడం. నేను నలభై ఏళ్ళు పిల్లల చేత కథలు రాయించినదాన్ని. కట్టిన కథ నాకు తెలుస్తుంది.

అద్నాన్‌కు దువా చెప్పు. ఇక సంగీతం గురించి నాకు రాయవద్దు.

ఆబిదా


దోహా,
20 ఏప్రిల్ 2025

ఆబిదా ఖాలాకు,

సలాం. పండగ వెళ్ళిపోయాక ముబారక్ చెబుతున్నాను, ఏమీ అనుకోకండి.

మామూ నాకు ఏమీ చెప్పలేదు. అమ్మ మీద ఒట్టు. మీ ఉత్తరం చదివాక ఆయనకు నేనే ఫోన్ చేసి అడిగాను, "మీరు ఖాలాతో ఏమన్నా అన్నారా?" అని. ఆయనకు మరియం ఎవరో, కచేరీ ఏమిటో ఒక్క ముక్క తెలియదు. "మా ఆపా నీకు ఉత్తరాలు రాస్తదా?" అని నన్నే ఎదురు అడిగారు.

మీరు నన్ను అలా అనుకున్నారని చాలా బాధపడ్డాను. కచేరీలకు వెళ్ళడం మానేశాను. ఎవరి కోసం వినాలి అనిపించింది. రంజాన్ అయ్యాక అద్నానే అన్నాడు, "నువ్వు ఖాలా కోసం పోతున్నవనుకున్న. కానీ మానేసినంక నీ మొఖమే సప్పబడ్డది. యల్లా, తయారుగా" అని. నిజం ఖాలా. మొదట మీ కోసం వెళ్ళాను. ఎప్పుడు నా కోసమైందో తెలియలేదు.

ఆ రోజు గాంబా ఒక్కటే. ఒక్క మనిషి, ఒక్క కమాను. మగవాడు ఎవరూ లేని ఇంట్లో తనతో తాను మాట్లాడుకునే ఆడమనిషి గొంతులా ఉంటుంది గాంబా. ఒక మాట అంటుంది, ఆగుతుంది, కాదులే అని ఇంకోలా అంటుంది. అంత బాగా వాయిస్తుంటే నాకు సగం మనసు ముందు వరుస మీదే ఉంది. అయిపోగానే మరియం గారి దగ్గరికి వెళ్ళి, "మీరు అన్నీ వింటారని మా ఖాలాకు రాశాను, ఆవిడ నమ్మలేదు" అన్నాను.

ఆవిడకు కోపం వచ్చింది.

"అన్నీ ఇంటా అంటినా నేను? మంచిగ ఇంటా అన్న. రెండు ఒకటేనా? మెషిన్ పెట్టిన మొదటి యేడు నా కొడుకు గొంతు గూడ గుర్తుపట్టలే. పాట సంగతి అడగకు. రేకు మీద చెంచ తోటి గీకినట్టుండె. పీకి గోడకేసి కొట్టాలనిపించింది. ఇప్పటికీ పెద్ద బ్యాండయితే నేను రాను, అంతా కలిసి గంజి అయితది."

"మరి ఇక్కడికి ఎందుకు వస్తారు?" అన్నాను.

"ఒక్కరో, మస్తయితే నలుగురో వాయించేది ఇది. గాయన చెయ్యి సూసుకుంట కూసుంటే, నడుమ నడుమ ఒక తీగ అట్లనే వస్తది. ఎన్కటి లెక్క. ఎప్పుడొస్తదో నాకు తెల్వదు. గందుకే ముందు కూసుంట, గందుకే ప్రతిసారి వస్త. మీ ఖాలాకు గిది రాయి. అబద్ధం రాయకు."

ఇదీ సంగతి. నా సంతోషంలో ఆవిడ అన్నదానికి రెండింతలు కలిపి రాశాను. ఆపరేషన్ చేయించుకొమ్మని ఇక అనను. మీకు కోపం ఉంటే జవాబు రాయకండి, నేను మాత్రం విన్నది రాస్తూనే ఉంటాను.

బిల్కిస్


బోధన్,
5 జూలై 2025

బేటీ బిల్కిస్‌కు, దువా.

ఇంతకాలం రాయనందుకు కోపం అనుకొని ఉంటావు. కాదు. కొన్నాళ్ళు హైదరాబాదు ఆసుపత్రిలో ఉన్నాను. ఆపరేషన్ మే నెలలో అయింది. పుండు మానాక మెషిన్ తగిలించి ఆన్ చేశారు. నీకు చెప్పవద్దని నిజాముద్దీన్‌తో నేనే అన్నాను. చెడిపోతే నువ్వు నీ మీద వేసుకుంటావని.

ఇప్పటివరకైతే మీ మరియం చెప్పిందంతా నిజం. ఆన్ చేయగానే నిజాముద్దీన్ నా ముందుకు వంగి, "ఆపా, ఇనవస్తుందా?" అన్నాడు. రైల్వే స్టేషన్‌లో చెడిపోయిన మైకు మాట్లాడినట్టుంది. వాడి నోరు చూస్తే తప్ప వాడి మాటని తెలియలేదు. ఆడా మగా అందరికీ అదే గొంతు. వాడు మాత్రం పక్కకు తిరిగి కళ్ళు తుడుచుకున్నాడు. ముప్పొద్దులా నాతో పోట్లాడిన వాడు. వాడు ఎందుకు పోట్లాడాడో ఆ పూట తెలిసింది నాకు.

ఎందుకు వద్దన్నానో ఎవరికీ చెప్పలేదు, నీకు చెబుతాను. భయం కత్తికి కాదు. నా తలలో పాట ఉంది. పొద్దున లేచి కళ్ళు మూసుకుంటే యమన్ రాగం వినిపిస్తుంది, ఎప్పుడో విన్న సితార్ మీద, ఆ చేతి నొక్కుతో సహా. చెవులు పోయినా అది పోలేదు. ఈ మెషిన్ పెట్టుకుంటే దాని మీద రేకుల చప్పుడు పడి అదీ పోతుందేమోనని భయం. పాటను దాచుకోవడానికి మనుషుల మాటలు వదులుకున్నాను.

కానీ నీ డిసెంబర్ ఉత్తరం ఉంది చూడు, ఊద్, ల్యూట్ అన్నదమ్ములు. కోపంలో కూడా దాన్ని చాలాసార్లు చదివాను. ఎంత చదివినా ల్యూట్ నా తలలో మోగలేదు. నేను ఎప్పుడూ విననిది ఎలా మోగుతుంది? నా దగ్గర ఉన్నదంతా పాతదే, కొత్తది ఒక్కటి కూడా రాదని అప్పుడు తెలిసింది. ఆ తర్వాత "నడుమ నడుమ ఒక తీగ" అన్న మాట వచ్చింది. అన్నీ వినిపిస్తాయని నువ్వు మళ్ళీ రాసి ఉంటే నేను కదిలేదాన్ని కాదు.

నవంబరులో రమ్మంటే వస్తాను. ఒక్కరు వాయించేది చూడు. గాంబా వద్దు, ల్యూట్ కావాలి.

ఆబిదా

తా.క. గాంబా గురించి నువ్వు రాసిన వాక్యానికి దిద్దుబాటు ఏమీ లేదు.


దోహా,
23 నవంబర్ 2025

ఆబిదా ఖాలాకు,

సలాం. క్షేమంగా చేరారని మామూ చెప్పారు. మీరు వెళ్ళాక ఇల్లు బోసిపోయింది. అల్ షహానియాలో ఒంటెల పందెం చూసి మీరు చిన్నపిల్లలా చప్పట్లు కొట్టారని అద్నాన్ అందరికీ చెబుతున్నాడు.

మీరు ఇక్కడ ఉన్నన్ని రోజులు అడగలేకపోయింది ఇప్పుడు రాస్తున్నాను. కచేరీ రోజు మీకూ మరియం గారికీ మధ్యలో కూర్చున్నాను కదా. ల్యూట్ ఆయన రెండు పాటలు వాయించాడు. మీ మొహంలో ఏమీ లేదు. గ్రామర్ పాఠం వింటున్నట్టు కూర్చున్నారు. మూడోది అయ్యాక మీరు చెవి వెనక నుంచి మెషిన్ తీసి, రుమాల్లో చుట్టి పర్సులో పెట్టుకున్నారు. ఆ తర్వాత ఆఖరి దాకా కళ్ళు మూసుకునే ఉన్నారు. ఆయన ఎంత అద్భుతంగా వాయించాడో, హాలు ఎంత నిశ్శబ్దంగా ఉందో నాకు తెలుసు. అందుకే మరీ ఏడుపొచ్చింది. మిమ్మల్ని అంత దూరం నుంచి పిలిపించి ఆ రేకుల చప్పుడు వినిపించానే అని. కారులో మీరు ఒక్క మాట మాట్లాడలేదు. నేను కిటికీ వైపు తిరిగి ఏడ్చాను.

మీ తలలోని యమన్ బాగానే ఉందా ఖాలా? అది కూడా పోయి ఉంటే చెప్పండి, దాచవద్దు.

బిల్కిస్


బోధన్,
14 డిసెంబర్ 2025

బేటీ బిల్కిస్‌కు, దువా.

పిచ్చిదానా. కారులో నువ్వు ఏడుస్తుంటే అద్నాన్‌తో ఏదో గొడవ పడ్డావనుకొని ఊరకున్నాను. మొగుడూ పెళ్ళాల మధ్య నేనెందుకని. యమన్ ఎక్కడికీ పోలేదు. ఇవాళ పొద్దున కూడా ఉంది.

విన్నది రాస్తాను. ఇంతకాలం నువ్వు రాశావు.

మొదటి పాట నిజంగా రేకులే. రెండోదీ అంతే. మరియం చెప్పినట్టు ఆయన చేతులనే చూస్తున్నాను. కుడిచెయ్యి వేళ్ళు తీగల మీద నడుస్తున్నాయి, నాకు లోపల టకటక అని మాత్రం తెలుస్తోంది. దర్జీ షాపు ముందు కూర్చున్నట్టుంది. ఇంత దూరం వచ్చింది ఇందుకా అనుకున్నాను. ఎడమవైపు నుంచి నువ్వు నా మొహమే చూస్తున్నావు, పాట వినకుండా. చిరాకేసింది.

మూడోది మెల్లగా మొదలుపెట్టాడు. పైతీగల జోలికి పోలేదు. లావు తీగ ఒక్కటే, బొటనవేలితో, ఒక్కో మెట్టూ దిగుతూ వచ్చాడు. రెండు మెట్లు దిగాక నాకు అది టకటక కాదని తెలిసింది. దిగుతోంది. ఇంకో మెట్టు దిగింది. అది ఎలాంటి గొంతో ఇప్పటికీ చెప్పలేను, నువ్వు రాసిన కంచు గిన్నె కాదు, ఇంకేదో. కానీ ఆ దిగడం నాకు తెలిసింది. ఆఖరి మెట్టుకు ముందు ఆయన వేలు ఎత్తి ఆపాడు. హాలంతా ఆగింది. అది ఎక్కడికి వెళ్ళి ఆగాలో ఆ క్షణంలో నాకు తెలుసు. ఎవరూ చెప్పలేదు, ఇంతకుముందు ఎప్పుడూ వినలేదు, అయినా తెలుసు.

అక్కడికే వచ్చి ఆగింది.

అది నా తలలో నుంచి వచ్చింది కాదు బిల్కిస్. బయటి నుంచి వచ్చింది. ఆ ఎదురుగా కూర్చున్న మనిషి వేలి కింద నుంచి వచ్చింది.

అందుకే మెషిన్ తీసేశాను. దాని మీద ఇంకో చప్పుడు పడటం నాకిష్టం లేకపోయింది. మిగతా కచేరీ అంతా కళ్ళు మూసుకొని ఆ మెట్లే మళ్ళీ మళ్ళీ దిగాను. ఇక్కడికి వచ్చాక కూడా దిగుతున్నాను.

వచ్చే శుక్రవారం నిజామాబాద్‌లో ఎవరో సరోద్ వాయిస్తున్నారట. ముందు వరుసలో రెండు కుర్చీలు చూడమని నిజాముద్దీన్‌కు చెప్పాను. "నాకు గవి సమజ్ కావు ఆపా" అంటున్నాడు. ఒక్క తీగను పట్టుకొమ్మన్నాను.

మరియంకు నా సలాం చెప్పు. అద్నాన్‌ను బాగా చూసుకో.

మీ ఖాలా
ఆబిదా